ఇంజను పొదుపు, రేపటి ఇంధనం: కామాటిపుర వీధుల నుండి ఒక పరిశీలన

(పాఠశాల ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగు మాధ్యమంలో విజ్ఞానశాస్త్రం చదివినవారికి 'అంతర్దహన యంత్రం' అన్న మాట పరిచితమే. గాలినీ ఇంధనాన్నీ లోనికి పీల్చుకొనుట, నొక్కుట, మండించుట, పొగను వెలికి నెట్టుట అనే నాలుగు దశలకు బొమ్మ గీసి మార్కులు సంపాదించినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. అదే యంత్రం గల్లీలోని గ్యారేజీకి చేరేసరికి దాని భాష మారిపోతుంది. అక్కడ అది పిస్టను, రింగులు, ప్లగ్గు, కార్బురేటరు. పుస్తకంలోని మాటకూ గ్యారేజీలోని మాటకూ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించగలిగిన బడి ఏదైనా గొప్ప బడే. ఇంధనం గురించిన చర్చకు ఆ రెండు భాషలూ కావాలి.

ముందుగా లెక్క. పెట్రోలు ఇంజనులో ఒక రూపాయి ఇంధనం మండితే, పరిస్థితులు అనుకూలంగా ఉన్నప్పుడు సైతం పాతిక, ముప్పై పైసల విలువైన శక్తి మాత్రమే ఇరుసును తిప్పుతుంది. మిగిలినదంతా కొంత పొగగొట్టం గుండా, కొంత రేడియేటరు గుండా వేడి రూపంలో గాలిలో కలిసిపోతుంది. డీజిల్ ఇంజను ఇంతకంటే మెరుగు. అది నలభై పైసల దాకా రాబట్టగలదు. కారణం సంపీడనం. గాలిని ఎంత గట్టిగా నొక్కి మండిస్తే అంత ఎక్కువ పని వస్తుంది. పెట్రోలు ఇంజనులో మరీ గట్టిగా నొక్కితే ఇంధనం సమయానికి ముందే అంటుకొని ఇంజను 'కొట్టుకొంటుంది'. ఆ కొట్టుకోవడాన్ని ఆపడానికే ఒకప్పుడు పెట్రోలులో సీసం కలిపేవారు. ఆ సీసం పసిపిల్లల మెదడుకు హాని చేస్తుందని తేలిన తరువాత, 1995లో నాలుగు మహానగరాలలో సీసరహిత పెట్రోలు ప్రవేశించింది. 2000 సంవత్సరం నాటికి దేశమంతటా సీసం తొలగిపోయింది. వీధివైపు వరండాలలో నిద్రించే చాల్ పిల్లలకు ఇంతకంటే పెద్ద మేలు మరొక ఇంధన నిర్ణయం వల్ల జరిగి ఉండదు.

సిగ్నలు వద్ద నిలిచి ఉన్న బండికి మైలేజి సున్న. బెల్లాసిస్ రోడ్డుపై, నాగపాడా కూడలిలో గడిపే నిమిషాలు ప్రకటనల పత్రాలలోని మైలేజి అంకెలలోకి ఎక్కవు. ఆ అంకెలను నమ్మి బండి కొన్నవారికి ఈ సంగతి వేరుగా చెప్పనవసరం లేదు. టైరులో గాలి తగ్గినా, గాలి వడపోత మూసుకుపోయినా, ఇంధనంలో గాలి పాలు తప్పినా చమురు వృథాయే. పెట్రోలు ఒక పాలు మండడానికి బరువులో సుమారు పదిహేను పాళ్ల గాలి అవసరం. పూర్వం ఈ పాళ్లను మెకానిక్కు చెవితో విని స్క్రూ తిప్పి సరిచేసేవాడు. ఇప్పుడు సెన్సారు, కంప్యూటరు చూసుకొంటున్నాయి. యంత్రం మెరుగైంది, కాని స్క్రూ తిప్పినవాని విద్యకు విలువ తగ్గింది.

కామాటిపుర పేరే తెలుగువారి చెమటతో వచ్చింది. పద్దెనిమిదవ శతాబ్ది చివర, హార్న్‌బీ వెల్లార్డ్ కట్టతో పల్లపు నేలలు నివాసయోగ్యమయ్యాక, నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతం నుండి కట్టడపు పనులకు వచ్చిన కామాటీలు ఇక్కడ స్థిరపడ్డారు. ఆ తరువాత ఈ నగరంలో మారిన ప్రతి ఇంధనమూ వారి వాకిలి పరిసరాలలోనే మారింది. 1874లో గుర్రపు ట్రాములు, 1907లో విద్యుత్ ట్రాములు, 1926లో మోటారు బస్సులు. ఈ పాఠశాల తలుపులు తెరచిన నాటికి ట్రాములు ఇంకా తిరుగుతున్నాయి. 1964 మార్చి 31న చివరి ట్రాము ఆగిపోయింది. 1962లో గోవాలియా ట్యాంకు, మజగావ్ డాకుల మధ్య ప్రారంభమైన ట్రాలీబస్సులు తొమ్మిదేళ్లకే నిలిచిపోయాయి. పొగ లేని వాహనాలను వదులుకొని నగరం డీజిల్ వైపు నడిచిందన్నమాట. అరవై ఏళ్ల తరువాత ఇప్పుడు మళ్లీ విద్యుత్తు వైపే తిరిగి వస్తున్నది.

అయితే ఈ వీధుల అసలు కథ నలుపు పసుపు టాక్సీది. 1974లో బొంబాయి హై సముద్రగర్భంలో చమురు, సహజవాయువు లభించాయి. 1995లో మహానగర్ గ్యాస్ సంస్థ ఏర్పడింది. తరువాత కొద్ది సంవత్సరాలలోనే, నగరపు పొగపై దాఖలైన వ్యాజ్యంలో హైకోర్టు ఆదేశాల మేరకు, పాత టాక్సీలు స్వచ్ఛ ఇంధనానికి మారవలసి వచ్చింది. ప్రీమియర్ పద్మిని డిక్కీలో వాయువు సిలిండరు చేరింది; ప్రయాణికుల పెట్టెలు కప్పుమీది క్యారియరుకు ఎక్కాయి. ముంబయి టాక్సీ రూపమే అలా మారింది.

ఇక్కడొక సాంకేతిక సూక్ష్మం ఉన్నది. సహజవాయువు పెట్రోలు కంటే ఎక్కువ సంపీడనాన్ని కొట్టుకోకుండా తట్టుకోగలదు. దానికోసమే రూపొందించిన ఇంజను అయితే ఆ గుణం వల్ల సామర్థ్యం పెరుగుతుంది. కాని పెట్రోలుకు తయారైన పాత ఇంజనుకు కిట్టు బిగిస్తే ఆ లాభం రాదు. పైగా వాయువు సిలిండరులో చోటు ఆక్రమించడం వల్ల లోనికి వెళ్లే గాలి తగ్గి, బలం కొంత క్షీణిస్తుంది. కనుక డ్రైవరుకు దక్కిన లాభం సామర్థ్యంలోది కాదు, ధరలోది. కిట్టు ఖర్చు ముందు, ఆదా వెనుక. రోజు సంపాదన రోజుకే సరిపోయే మనిషికి ఈ వరుస ఎంత భారమో నిర్ణయాలు చేసేవారు తరచుగా మరచిపోతారు. ఊపిరితిత్తులు మాత్రం అందరివీ బాగుపడ్డాయి. చివరిగా తాడ్‌దేవ్ రవాణా కార్యాలయంలో 2003 అక్టోబరు 29న నమోదైన పద్మిని టాక్సీకి ఇరవై ఏళ్ల గడువు తీరడంతో, 2023 అక్టోబరులో ఆ వాహనం వీధులనుండి నిష్క్రమించింది.

ఇక రేపటి మాట. మొక్కలనుండి ఇంధనం కొత్త ఆలోచన కాదు. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఆదిలాబాదు జిల్లా గిరిజన గూడెంలో కానుగ నూనెతో జనరేటరు నడిపిన ప్రయోగమూ జరిగింది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం ఇథనాలు కలుస్తున్నది. ఇథనాలు లీటరుకు ఇచ్చే శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులు మాత్రమే. అందువల్ల ఇరవై శాతం మిశ్రమంలో లీటరుకు సుమారు ఏడు శాతం శక్తి తగ్గుతుంది. ఆ మిశ్రమానికి తగినట్లు సంపీడనం పెంచిన కొత్త ఇంజనులు ఈ లోటును కొంత పూడ్చుకొంటాయి. పాత బండికి ఆ వెసులుబాటు లేదు. దిగుమతి చమురు తగ్గడం మంచిదే. కాని ఇథనాలుకు ఒక మూలం చెరకు, చెరకుకు నీరు కావాలి. పద్మశాలి కుటుంబాలు వేలుగా స్థిరపడిన షోలాపూరు జిల్లాలో చెరకూ ఉంది, కరువూ ఉంది. ఆ నీటి లెక్క వేయకుండా ఇంధనపు లెక్క పూర్తికాదు.

విద్యుత్ మోటారు తనకందిన శక్తిలో ఎనభై ఐదు, తొంభై శాతం చక్రానికి అందిస్తుంది. సిగ్నలు వద్ద దాదాపు ఏమీ తినదు. దేశంలో విద్యుత్తు అధికభాగం బొగ్గునుండే వస్తున్నది కనుక పొగ పూర్తిగా మాయం కాదు, చాల్ వాకిలి నుండి విద్యుత్కేంద్రపు పొగగొట్టానికి చోటు మారుతుంది. వరండాలో పడుకొనేవారికి ఆ మార్పు చిన్నదేమీ కాదు. కొందరు ప్రతి ఇంటికీ విద్యుత్ కారే పరిష్కారమంటారు. అది ఈ నగరానికి పొసగని మాట. ఒక్క మనిషిని మోసే కారుకంటే నిండుగా నడిచే లోకల్ రైలు, బస్సు తలకు ఎంతో తక్కువ శక్తి వాడతాయి. 1925 నుండి నడుస్తున్న విద్యుత్ లోకల్, 2025లో పూర్తిగా తెరచిన మూడవ మెట్రో మార్గపు ముంబయి సెంట్రల్, గ్రాంట్ రోడ్ స్టేషన్లు కామాటిపురకు కూతవేటు దూరంలోనివే.

అయినా టాక్సీ ఉంటుంది, సామాను మోసే టెంపో ఉంటుంది, ఇంటింటికీ సరుకులు చేర్చే స్కూటరు ఉంటుంది. అవి రాత్రి ఎక్కడ ఛార్జి కావాలి? చాల్‌లో నిలుపుదల స్థలం లేదు, ఛార్జింగు ప్లగ్గు లేదు. ఈ ప్రశ్న ఇప్పుడు అడగదగినది. సుమారు 34 ఎకరాల కామాటిపుర పునర్నిర్మాణాన్ని మ్హాడా చేపడుతున్నది. కొత్త భవనాల తీగలు గోడలలో ఒకసారి పూడిస్తే దశాబ్దాలపాటు అలాగే ఉంటాయి.

లెక్క కష్టమైనది కాదు. విద్యుత్ స్కూటరు నూరు కిలోమీటర్లకు మూడు యూనిట్లతో సరిపెట్టుకొంటుంది. రోజుకు నూటయాభై కిలోమీటర్లు తిరిగే చిన్న టాక్సీకి ఇరవై రెండు, ఇరవై మూడు యూనిట్లు చాలు. సాధారణ పదిహేను ఆంపియర్ల ప్లగ్గు నుండి రాత్రి ఏడు గంటలలో అంత విద్యుత్తు వస్తుంది. ఒక్కొక్క బండికి రెండు ఎయిర్ కండిషనర్ల భారం. నూరు బండ్లకు ట్రాన్స్‌ఫార్మరు లెక్క వేరు. ఈ ప్రాంతానికి బస్సులనూ విద్యుత్తునూ అందించేది ఒకే సంస్థ, బెస్ట్. నివాసుల సంఘాలు నక్షాలు చూడడానికి కూర్చున్నప్పుడు లిఫ్టుల సంఖ్యతోపాటు నిలుపుదల స్థలంలో ప్లగ్గులెన్ని, మీటరు ఎవరి పేర, ఏ రేటు, అద్దెకుండే డ్రైవరుకు హక్కు ఉన్నదా లేదా అని కూడా అడగాలి. ఆ సభలలో లోడు లెక్క చదివి పెద్దలకు తెలుగులో విడమరచి చెప్పగలవారు ఈ పాఠశాల తొమ్మిది, పది తరగతుల బల్లలపై ఇప్పుడే కూర్చుని ఉన్నారు.