ఊపిరి తిరిగి వచ్చిన పిదప



గొంతులో ఎముక అడ్డుపడిన కుక్కకు నేనొనర్చిన ప్రథమచికిత్సను గూర్చియు, అటుపిమ్మట నా మనస్సునకు గలిగిన కలతను గూర్చియు ఈ దినమున మనవి చేసికొందును. మొదటి విషయమును వైద్యులు చెప్పుదురు. రెండవదానిని మనము ఒకరితో నొకరము చెప్పుకొనుట యరుదు.

మా యింట భైరవుడను కుక్క కలదు. గత కనుమపండుగనాడు భోజనములైన తరువాత, ఎనిమిదేండ్ల మా మనుమడు తన విస్తరిలోని మాంసపుటెముకను దానికి వేసెను. నేను అరుగుమీద కూర్చుండి తాంబూలము వేసికొనుచుంటిని. ఇంతలో కుక్క నోరు తెఱచి, మెడ చాచి, ముందుకాళ్లతో మూతిని గీరుకొనుచు తూలసాగెను. మొరుగు లేదు, దగ్గు లేదు. దాని చిగుళ్లు నీలివన్నెకు దిరిగెను.

కుక్క దగ్గుచున్నంతవఱకు గాలి కొంత యాడుచున్నదని యెఱిగి దానిని దగ్గనీయవలెను. గాలి పూర్తిగా ఆగినచో నోరు తెఱచి చూడవలెను. అడ్డుపడినది కంటికి గనబడినప్పుడే తీయవలెను. కనబడనిదానికై వ్రేళ్లు జొనిపినచో అది మఱింత లోనికి బోవచ్చును. నాకేమియు కనబడలేదు. అంతట దాని వెనుక మోకరించి, ప్రక్కటెముకలు ముగియుచోట కడుపుమీద పిడికిలి నుంచి, తలవైపునకు పైకి వడిగా నొత్తితిని. 1974వ సంవత్సరమున అమెరికా వైద్యుడు హెన్రీ హైమ్లిక్ మనుష్యులకై ప్రకటించిన పద్ధతి యిట్టిదే. పశువైద్యులు దీనిని కుక్కలకును చెప్పుదురు. నాలుగవ యొత్తునకు ఎముకముక్క వెలికివచ్చెను. కుక్క నేలబడి, పెద్దగా ఊపిరి తీసికొనెను.

ఊపిరి వచ్చినంతమాత్రమున పని ముగియలేదు. లోపల గాయము కావచ్చును గనుక 1962 అను సంఖ్యకు ఫోను చేసి పశువైద్యుని రప్పించితిని. నా వ్రేలికి పల్లు గీచుకొనియుండుటచే సబ్బుతో పదునైదు నిమిషములు కడిగికొని, ఆసుపత్రికి బోయి టీకాను గూర్చి విచారించితిని. పెంపుడుకుక్క గదా యని మీరును ఉపేక్షింపరాదు.

ఊరివారందఱును మెచ్చుకొనిరి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చేతులు వణకుచుండెను. కన్ను మూసినచో ఆ నీలి చిగుళ్లే కనబడుచుండెను. అన్నము సహింపలేదు. ఇంతకంటె బాధాకరమైన సంగతి యొకటి యుండెను. కుక్క తూలినప్పుడు నేను వెంటనే అరుగు దిగలేదు. కఱచునేమో యను భయముచే స్తంభమును బట్టుకొని కొంతసేపు నిలిచితిని. అది కొన్ని క్షణములే కావచ్చును. నాకు మాత్రము గడియవలె తోచెను. జనులు మెచ్చినకొలదియు నాకు సిగ్గు హెచ్చెను. కుక్కకొఱకు ముసలివాడు కుములుచున్నాడని నవ్వుదురేమోయని యెవరికిని జెప్పనైతిని.

నాలుగవనాడు మా యక్కగారు వచ్చి, “తమ్ముడూ, తిండి మానితివట, ఏమి సంగతి?” అని యడిగెను. ఉన్నది యున్నట్లు చెప్పితిని. ఆమె సాంతముగా విని, “భయపడని వాడెవడురా? భయముతోనే అరుగు దిగితివి గదా! అది యట్లుండనిమ్ము. నీకే యిట్లున్నచో, ఆ యెముక వేసిన పసివాని సంగతి యెవరైన విచారించితిరా?” అనెను.

మేమెవ్వరమును విచారింపలేదు. వెదకగా వాడు గడ్డివామి వెనుక కూర్చుండియుండెను. కనుమనాటినుండి భైరవుని దగ్గఱకు బోలేదట. “నాకును భయమైనది, నాయనా!” అని చెప్పితిని. వాడు, “నేనే దానిని చంపబోయితిని గదా, తాతయ్యా!” అని భోరున నేడ్చెను. “తెలియక వేసితివి. ఉడికిన యెముక పెళుసై విఱుగును, కుక్కకు వేయరాదని చెప్పవలసిన పెద్దవాడను నేను చెప్పలేదు” అంటిని. ఇరువురమును గలిసి భైరవునకు పెరుగన్నము పెట్టితిమి. ఆ రాత్రి నేను కొంత నిద్రించితిని.

తరువాత వైద్యుని అడుగగా ఈ కలతకు గారణము తెలిసినది. ఆపద గలిగినప్పుడు మూత్రపిండములపైనున్న గ్రంథులు అడ్రినలిన్ అను ద్రవమును రక్తములోనికి విడుచును. గుండె వేగముగా గొట్టుకొనును, కండరములకు బలము వచ్చును. పని ముగిసిన వెనుక వణకు, నీరసము కలుగును. కొన్నిదినములు ఆ దృశ్యము మరలమరల కన్నులకు గట్టును. ఇది పిఱికితనము గాదు, పిచ్చియు గాదు. కూర్చుండి మంచినీరు త్రాగుట, నమ్మినవారితో జరిగినది జరిగినట్లు చెప్పుకొనుట, నిత్యకృత్యములను విడువకుండుట మేలుచేయును. నిద్రకై మద్యము నాశ్రయింపరాదు. నెల దాటినను కలత తీరనిచో, లేక ప్రాణముమీద విరక్తి గలిగినచో నెల యాగక తక్షణమే, వైద్యుని జూడవలెను. 2022 అక్టోబరునుండి ప్రభుత్వమువారు టెలిమానస్ అను పేర 14416 సంఖ్యతో ఉచితముగా సలహా యొసగుచున్నారు. తెలుగులోనే మాటలాడవచ్చును.

ఒకవేళ ఎంత ప్రయత్నించినను ఆ జీవము దక్కదనుకొనుడు. అప్పుడీ మాటలు మఱింత యవసరము. ప్రయత్నము మనది, ఫలము మనచేతిది గాదు. కుక్కకొఱకు దుఃఖించుట అల్పులకు దగునని తలంపవలదు. మహాప్రస్థానమున తనవెంట వచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానన్నవాడు ధర్మరాజు. ఆ కథ వినుచు పెరిగిన మనకు ఇందు సిగ్గేల?

పెద్దలారా! మీ యూర నెవరైన ఇట్టి యాపదలో చేయూత నిచ్చినచో మెచ్చుకొని యూరకుండకుడు. నాలుగునాళ్ల తరువాత వారి గుమ్మమునకు బోయి, “అన్నము తినుచున్నావా? నిద్ర పట్టుచున్నదా?” అని యడుగుడు. ఆ యింట పసివాడున్నచో వానిని గూడ నడుగుడు.