సీసా సరిహద్దు దాటితే సుంకం ఎవరిది?

(విద్యార్థులు, ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక సర్కారుకు సొంత జెండా ఉండొచ్చు, సొంత శాసనసభ ఉండొచ్చు. కానీ తాను వేసిన పన్నును తాను నిలబెట్టుకోలేకపోతే ఆ అధికారానికి విలువ ఎంత? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ మేము మిమ్మల్ని ఐరోపాలోని రెండు చిన్న దేశాలకు తీసుకుపోతున్నం.

ఒకటి ఎస్తోనియా, రెండోది లాత్వియా. రెండూ 1991లో సోవియట్ యూనియన్ నుంచి బయటపడ్డయి. 2004 మే 1న ఒకే రోజు ఐరోపా యూనియన్‌లో చేరినయి. సరిహద్దు మీద వాల్గా-వాల్కా అనే జంట ఊరున్నది. సగం ఒక దేశం, సగం ఇంకో దేశం. నడుచుకుంటూ పోతే అడిగేటోడు లేడు.

ఎస్తోనియా 2017 జూలైలో బీరు మీద ఎక్సైజ్ సుంకం ఒకేసారి 70 శాతం పెంచింది. తాగుడు తగ్గాలె, ఖజానా నిండాలె అన్నది లెక్క. జరిగిందేమిటి? జనం కార్లేసుకొని లాత్వియా సరిహద్దు దుకాణాలకు పోయిండ్రు. తాగేది ఎస్తోనియాలో, సుంకం లాత్వియాకు. రోగమొస్తే ఆస్పత్రి ఖర్చు మళ్లీ ఎస్తోనియాదే.

చివరికి 2019 జూలై 1న ఎస్తోనియా వెనక్కి తగ్గింది. బీరు, స్పిరిట్ల సుంకం 25 శాతం తగ్గించింది. 100 లీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్ మీద 2,508 యూరోలున్నది 1,881 అయింది. లాత్వియా ఊరుకున్నదా? సరిగ్గా నెలకు, ఆగస్టు 1న, తన సుంకాన్ని 1,840 నుంచి 1,564కు దించింది. ఇది పన్నుల విధానమా, తిరగేసిన వేలం పాటా?

అంతకుముందు ఫిన్లాండ్‌కు ఇదే ఎస్తోనియాతో ఇదే భయం. హెల్సింకి నుంచి టాలిన్‌కు సముద్రం మీద 80 కిలోమీటర్లే. ఎస్తోనియా యూనియన్‌లో చేరుతున్నదని ఫిన్లాండ్ 2004 మార్చిలోనే మద్యం సుంకాన్ని సగటున మూడో వంతు తగ్గించింది. ఆ ఏడు మద్యం వాడకం సుమారు 10 శాతం పెరిగింది. మద్యం చావులు కూడా పెరిగినయి. 2008, 2009లో సుంకం మళ్లీ పెంచక తప్పలేదు.

మరి ఐరోపా యూనియన్ సుంకాలను ఒక తీరుకు తెచ్చింది కదా అని అడుగుతరు. 1992లో కనీస సుంకాలు ఖరారు చేసింది నిజమే. స్పిరిట్లకు 550 యూరోలు. వైన్‌కు సున్నా! ద్రాక్షతోటల దేశాల పలుకుబడి ఆ సున్నాలోనే కనబడుతది. తర్వాత ధరలన్నీ పెరిగినయి, ఆ కనీసం మాత్రం కదలలేదు. 31 శాతం పెంచుదామని 2006లో యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించింది. పన్నుల సంగతిలో అన్ని దేశాలూ ఒప్పుకోవాలె. ఒప్పుకోలేదు. ప్రతిపాదన మూలబడ్డది. 1,881కీ 1,564కీ నడుమ పోటీ నడిచినప్పుడు 550 అనే కట్ట ఎవరిని ఆపింది?

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. మన రాజ్యాంగంలో మద్యం మీద ఎక్సైజ్ రాష్ట్రాల జాబితాలో ఉన్నది. 2017లో జీఎస్టీ వచ్చినా మద్యం దాని బయటే ఉన్నది. 1995లో ఉమ్మడి రాష్ట్రంలో మద్యనిషేధం పెడితే పక్క రాష్ట్రాల సరుకు దొంగదారిన వచ్చింది. 2020 మేలో ఆంధ్రప్రదేశ్ మద్యం ధరలు 75 శాతం పెంచితే తెలంగాణ సీసాలు సరిహద్దు దాటినయి.

అట్లయితే ఢిల్లీ నుంచే ఒక్క రేటు పెడితే తెగిపోతది కదా అనేటోళ్లున్నరు. మేము ఒప్పుకోం. రోగానికి మందు అడిగితే చెయ్యి నరికినట్టుంటది. పెద్దోడి రేటు చిన్నోడి నెత్తిన పెట్టుడు సమానత్వం కాదు. ఇరుగుపొరుగు సర్కార్లు సమాన హోదాతో కూర్చోవాలె. ఇంతకంటే కిందికి ఎవరమూ పోవద్దని ఒక కట్ట కట్టుకోవాలె. ధరలతో పాటు ఆ కట్టనూ ఏటేటా ఎత్తాలె. ఆపైన ఎంత వేసుకోవాలన్నది ఎవరి ప్రజల ఇష్టం వాళ్లది.

మాట్లాడుకొని కట్టుకున్న కట్ట లేనిచోట, మన సుంకాన్ని మన శాసనసభ కాదు, సరిహద్దు అవతలి దుకాణం నిర్ణయిస్తది.