అభయం, సహనం, హక్కు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉత్సవ సభల్లో చరిత్ర ప్రస్తావన వస్తే మనకు ముందుగా గుర్తుకు వచ్చేవి కోటలు, కిరీటాలు, విజయాలు. వాటిని చెప్పుకోవడంలో తప్పులేదు. అయితే అమెరికా వచ్చి ఇల్లు కట్టుకున్నవారం గనుక మనం చరిత్రను మరొక ప్రశ్న కూడా అడగవలసి ఉన్నది. తమకంటె వేరైన మనిషిని ఆయా కాలాలవారు ఎలా చూశారు? అతనిని కాపాడింది ఒకరి మంచితనమా, చట్టమా? దీనికి చరిత్ర ఇచ్చే జవాబులు మూడు మాటల్లో ఇమిడి ఉన్నాయి: అభయం, సహనం, హక్కు. ఈ మూడూ ఒకటి కావు. ఆ తేడా ఏమిటో చెప్పుకోవడమే ఈనాటి మన పని.

మొదటి మాట మన నేలదే. నేటి బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లి రేవులో కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244-45లో అభయశాసనం వేయించాడు. తుఫానులో చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల్లోని బంగారాన్ని, ఏనుగులను, గుర్రాలను, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాలకు తెగించి సముద్రం దాటి వచ్చే వర్తకుల మీద దయతో, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని చక్రవర్తి మాట ఇచ్చాడు. పరదేశివాని భయాన్ని గుర్తించిన ఆ రాజును తలచుకుంటే మనకు గర్వంగానే ఉంటుంది. కాని 1323లో కాకతీయ రాజ్యం కూలిపోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో మళ్లీ అభయశాసనం వేయించాడు. అభయం స్వభావమే అంత. ఇచ్చిన చెయ్యి ఉన్నంతవరకే అది ఉంటుంది. తరువాత వచ్చినవాడు మళ్లీ ఇవ్వాలి.

రెండవ మాటకు మనం నివసిస్తున్న ఈ దేశానికి వద్దాం. బ్రిటిషు పాలనలోని వర్జీనియాలో ఆంగ్లికన్ చర్చి ప్రభుత్వ మతం. ఇతర శాఖల క్రైస్తవులు కూడా ఆ చర్చి కోసం పన్ను కట్టవలసిందే. అనుమతి లేకుండా బోధించిన బాప్టిస్టు బోధకులను జైళ్లలో పెట్టారు. 1776లో హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు జార్జి మేసన్ వ్రాసిన చిత్తుప్రతిలో, మతం విషయంలో అందరికీ పూర్తి సహనం లభించాలని ఉన్నది. వినడానికి మంచి మాటే. అయినా జేమ్స్ మాడిసన్ అనే ఇరవై అయిదేళ్ల యువకుడు దానితో తృప్తిపడలేదు. ఆయన చొరవతో ఆ మాట పోయి, మతాచరణ స్వేచ్ఛకు మనుష్యులందరూ సమానంగా అర్హులనే వాక్యం వచ్చింది.

మార్చింది ఒక్క మాటే. కాని ఎంత తేడా! సహించేవాడు అరుగు మీద కూర్చుంటాడు, సహింపబడేవాడు వాకిట్లో నిలబడతాడు. హక్కు అంటే ఇద్దరూ ఒకే అరుగు మీద కూర్చోవడం.

1784లో పాట్రిక్ హెన్రీ క్రైస్తవ బోధకుల పోషణకు అందరి మీదా పన్ను వేయాలని ప్రతిపాదించాడు. ఎవరి పన్ను ఏ శాఖకు చెందాలో వారే చెప్పుకోవచ్చునన్నాడు. మాడిసన్ 1785లో దానికి వ్యతిరేకంగా విజ్ఞాపన వ్రాశాడు. ప్రభుత్వం ఆసరా ఇస్తే మతం బలపడదని, చెడిపోతుందని ఆయన వాదన. బాప్టిస్టులు, ప్రెస్బిటేరియన్లు కూడా విజ్ఞాపనలు పంపారు. దైవభక్తులే ప్రభుత్వ మతం వద్దన్నారన్న సంగతి మనం మరువరాదు. చివరకు థామస్ జెఫర్సన్ వ్రాసిన మతస్వేచ్ఛా శాసనం 1786 జనవరి 16న చట్టమయింది. దానిలో యేసుక్రీస్తు పేరు చేర్చాలన్న సవరణ వీగిపోయింది. అంటే ఆ రక్షణ యూదులకు, మహమ్మదీయులకు, హిందువులకు, ఏ మతమూ లేనివారికి కూడా వర్తిస్తుందని జెఫర్సన్ తన ఆత్మకథలో వివరించాడు. ఈ గడ్డ మీద మన గుడిగంట మోగడానికి ఎన్నో ఏళ్ల ముందే, మనకు పరిచయం లేనివారు మన కోసం కూడా తలుపు తెరిచి ఉంచారు!

అయితే కాగితం మీది హక్కు తనంతట తాను నడవదు. ఆ జెఫర్సనే తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుష్యులను బానిసలుగా ఉంచుకున్నాడు. 1923లో భగత్‌సింగ్ థింద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, భారతీయులు చట్టం చెప్పే తెల్లవారు కారని, కనుక పౌరసత్వానికి అనర్హులని తీర్పు చెప్పింది. థింద్ అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అదే సంవత్సరం మన యల్లాప్రగడ సుబ్బారావు ఈ దేశానికి వచ్చారు. తమ పరిశోధనలతో లోకానికి మందులిచ్చిన ఆ మహనీయునికి ఇరవై ఏళ్లకు పైగా పౌరుడయ్యే అర్హతనే చట్టం ఇవ్వలేదు. 1946లో పౌరసత్వానికి దారి దొరికింది గాని, వలసకు ఏడాదికి 100 మందినే అనుమతించారు. 1965 చట్టంతో జాతిని బట్టి, పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు వేసే పద్ధతి పోయింది. ఆ చట్టం వెనుక నల్లజాతివారి పౌరహక్కుల పోరాటం తెచ్చిన గాలిమార్పు ఉన్నది. మన చదువే మనకు ఈ దేశపు తలుపు తెరిచిందనుకోవడం సగం నిజం. మిగిలిన సగం ఇతరులు తిన్న లాఠీ దెబ్బలు.

మన స్వదేశమూ ఈ పాఠం నేర్చుకున్నది. 1975లో అత్యవసర పరిస్థితి ప్రకటించారు. విచారణ లేకుండా నిర్బంధించినవారు న్యాయస్థానానికి మొరపెట్టుకోలేరని 1976లో సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తుల ఆధిక్యంతో తీర్పు చెప్పింది. జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే కాదన్నారు. మరుసటి ఏడాది ఆయనకు రావలసిన ప్రధాన న్యాయమూర్తి పదవి రాలేదు. ఆయన రాజీనామా చేశారు. 1978లో రాజ్యాంగాన్ని సవరించి, అత్యవసర పరిస్థితిలో కూడా ప్రాణానికి, స్వేచ్ఛకు ఉన్న రక్షణను నిలిపివేయరాదని నిర్దేశించారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పాత తీర్పును కొట్టివేసింది. ఒక్క గొంతు గెలవడానికి నలభై ఏళ్లు పట్టింది. ఆ గొంతే లేకపోతే?

సోదరసోదరీమణులారా! మనకొక విచిత్రమైన స్థితి ఉన్నది. మనలో అధికసంఖ్యాకులమైన హిందువులం ఇక్కడ అల్పసంఖ్యాకులం, అక్కడ అధికసంఖ్యాకులం. మన గుడికి పొరుగువారు అడ్డు చెప్పిన రోజున మనం వారి దయ కోరము, చట్టం చూపిస్తాము. అలాగే చూపించాలి. మరి మన ఊళ్లో మసీదుకో, చర్చికో, దళితవాడ దేవుని ఊరేగింపుకో ఎవరైనా అడ్డు చెప్పినప్పుడు, మనవాళ్లు ఎంత సహనపరులో చెప్పుకుని మురిసిపోతే సరిపోతుందా? ఇక్కడ కొలిచే కుంచం, అక్కడ కొలిచే కుంచం ఒకటే కావాలి. ఇచ్చేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఇంకొకటి వాడేవాణ్ణి మన ఊళ్లో ఏమంటారో అందరికీ తెలుసు.

మన పిల్లలకు గణపతిదేవుని అభయశాసనం గూర్చి గర్వంగా చెబుదాం. దానితోపాటు, అభయంతో ఆగిపోకుండా హక్కుదాకా నడిచిన దారి కూడా చూపిద్దాం. ఆ దారిలో మనకంటె ముందు నడిచినవారి బాకీ మన మీద ఉన్నది. మనవంటివారు కాని వారి స్వేచ్ఛ కోసం మాట్లాడడమే ఆ బాకీ తీర్చే పద్ధతి.