వార్నీషు మెరుపు – కార్మికుని ఊపిరి

(ఫెడరేషన్ శిక్షణా తరగతులలో చేసిన ప్రసంగ పాఠం)



రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు వార్నీషు పరాయి వస్తువు కాదు. నాటి టేకు బోగీల పలకలకు, స్టేషను బెంచీలకు, పోస్టాఫీసు కౌంటర్లకు మెరుగునిచ్చినది అదే. ఇన్సూర్డు పార్సిలుపై ముద్ర వేసిన లక్కకూ, ఫ్రెంచి పాలిషులోని షెల్లాకుకూ పుట్టుక ఒక్కటే. మోదుగ, రేగు, కుసుమ చెట్ల కొమ్మలపై లక్కపురుగు స్రవించే జిగురు అది. ఛోటానాగపూర్ అడవులలోని ఆదివాసులు తరతరాలుగా దానిని సేకరించి దేశానికి అందిస్తున్నారు.

వార్నీషు ఏ విధంగా ఆరుతుందో మొదట గ్రహించవలెను. షెల్లాకును స్పిరిటులో కరిగించి పూసినచో స్పిరిటు ఎగిరిపోయి పల్చని పొర మిగులుతుంది. నూనె వార్నీషులో అవిసె నూనెతో కాచిన గుగ్గిలాన్ని టర్పెంటైనుతో పలుచన చేస్తారు. టర్పెంటైను ఆవిరైపోగా, నూనె గాలిలోని ఆక్సిజనును పీల్చుకొని గట్టిపడుతుంది. చెక్కపై మిగిలిన పొర యాజమాన్యం లెక్కలలోకి ఎక్కుతుంది. గాలిలో కలిసినది మాత్రం ఏ లెక్కలోకీ రాదు. అది చేరేది పనిచేసే మనిషి ఊపిరితిత్తులలోకి!

నేడు ఉక్కు బోగీలు వచ్చినంత మాత్రాన వార్నీషు పని తీరలేదు. విద్యుత్ ఇంజను మోటార్లలో రాగి చుట్లను ఇన్సులేటింగు వార్నీషులో ముంచి, కొలిమిలో కాల్చి గట్టిపరుస్తారు. తేమ, ధూళి చొరబడకుండా మోటారును కాపాడేది ఆ పొరయే. వేడి 10 డిగ్రీలు పెరిగినచో ఇన్సులేషను ఆయుష్షు సుమారు సగమవుతుందని ఇంజనీర్లు స్థూలంగా లెక్క కడతారు. రాగి తీగ ఆయుష్షుకు ఇంత లెక్క ఉన్నప్పుడు, దానిని ముంచే చేతులకు లెక్క ఉండనక్కరలేదా?

సాధారణంగా థిన్నర్లలో ఉండే టొలుయీను, జైలీను ఆవిరులు తలనొప్పిని, తలతిరుగుడును, కళ్ళమంటను కలిగిస్తాయి. ఏళ్ల తరబడి పీల్చినచో నరాల వ్యవస్థ దెబ్బతింటుంది. ఈ ఆవిరులు గాలికంటె బరువైనవి. తొట్టి చుట్టూ, గుంతలలో, నేలబారున పేరుకుంటాయి. కనుక పైకప్పున ఫ్యాను బిగించి చేతులు దులుపుకొనుట చాలదు. తొట్టి అంచుననే ఆవిరిని లాగివేయు ఏర్పాటు ఉండవలెను. ముక్కుకు కట్టిన తడిగుడ్డ గానీ, దుమ్ము మాస్కు గానీ ఆవిరిని ఆపజాలదు. బొగ్గు నింపిన క్యాట్రిడ్జి మాస్కు కావలెను; ఆ క్యాట్రిడ్జిని కాలానుగుణంగా మార్చవలెను. బెల్లం ముక్క, గ్లాసెడు పాలు ఇచ్చి బాధ్యత తీరినదనుకొనుట ఆత్మవంచన. పాలు బలమే గాని, పీల్చిన ఆవిరికి విరుగుడు కాదు.

అగ్ని ప్రమాదం మరొకటి. సుమారు 35 డిగ్రీల వేడికే టర్పెంటైను ఆవిరి నిప్పురవ్వ తగిలితే అంటుకొంటుంది. మన వేసవి షెడ్లలో ఆ వేడి మామూలే గదా! అవిసె నూనె తడిసిన గుడ్డలను కుప్పగా పడవేసినచో, ఎవరూ నిప్పు పెట్టకనే తమంత తామే వేడెక్కి రగులుకొనగలవు. వాటిని నీళ్లుపోసిన మూత డబ్బాలో వేయవలెను.

1948 ఫ్యాక్టరీల చట్టం 14వ సెక్షను, ఆవిరులను అవి పుట్టిన చోటికి వీలైనంత దగ్గరలోనే లాగివేయవలెనని విధించినది. 1984 భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1987 సవరణ, ప్రమాదకర రసాయనాల వివరాలు కార్మికులకు తెలుపుట యాజమాన్యపు విధిగా చేసినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రతా కోడులో ఆ చట్టాన్ని విలీనం చేసినారు. చట్టం పేరు మారవచ్చును. మనిషి ఊపిరి మారదు.

కనుక ప్రతి బ్రాంచి ఈ మాసంలోనే మూడు పనులు చేపట్టవలెనని మనవి. ఒకటి, వార్నీషు డబ్బాలపై ఉన్న రసాయనాల పేర్లు వ్రాసుకొని, వాటి భద్రతా పత్రాలను తెలుగులో గోడపై అంటించమని లిఖితపూర్వకంగా కోరవలెను. రెండు, ఆ విభాగంలో పనిచేసే వారందరికీ, కాంట్రాక్టు కార్మికులతో సహా, ఏటా వైద్య పరీక్షలు సాధించవలెను. మూడు, తపాలా కార్యాలయాలలో బల్లలకు, కౌంటర్లకు పాలిషు పనిని సెలవు దినాన, కిటికీలు తెరచి జరిపించవలెను.

కాంట్రాక్టు సోదరుని మరచి మన ఒక్కరికే మాస్కు తెచ్చుకొనుట యూనియను ధర్మం కాదు. ఒకే తొట్టి వద్ద ఇద్దరూ పీల్చేది ఒకే గాలి.