గ్రామారోగ్యము - గ్రంథాలయము

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



గ్రామమునకు రోడ్డు కావలెనన్నచో మనమందరము ఏకకంఠముతో అడుగుదుము. మంచినీరు, బడి, వీధి దీపములను గూర్చి పంచాయతీ సమావేశములలో చర్చలు జరుగును. కాని గ్రంథాలయము మాట వచ్చునప్పటికి, "చదువుకొన్నవారి కాలక్షేపమునకు మన సొమ్మేల?" అను ప్రశ్న వినవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటయే నేటి నా ప్రసంగోద్దేశము.

ఒక ఉదాహరణము చూడుడు. పసిబిడ్డకు నీళ్ల విరేచనములు పట్టుకొనును. నీరు త్రాగించినచో విరేచనములు హెచ్చునని భయపడి పెద్దలు నీటిని మాన్పింతురు. కాని బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది శరీరమందలి నీరును, లవణములును తరిగిపోవుటయే. ఓ.ఆర్.ఎస్. పొట్లమును కలిపి వెంటనే త్రాగింపవలెను. పొట్లము దొరకనిచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, తలకొట్టి కొలిచి కలిపి కొంచెము కొంచెముగా పట్టవలెను. తల్లిపాలు మాన్పక, ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ నాలుగు మాటలు తెలిసియుండుటకు పెద్ద చదువు అక్కరలేదు. అవి తగిన సమయమున ఆ ఇంటికి చేరవలెను, అంతియే.

అట్లు చేర్చుట మన పూర్వులు తలపెట్టిన కార్యమే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1906లో స్థాపితమైన విజ్ఞాన చంద్రికా మండలి శాస్త్ర విషయములను తెలుగున గ్రంథములుగా ప్రకటించినది. వైద్యులైన ఆచంట లక్ష్మీపతిగారు ఆ కృషిలో పాల్గొనిరి. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘము గ్రంథాలయ స్థాపనమును తన ముఖ్యాశయములలో ఒకటిగా చేసికొన్నది. ఆ ఉద్యమము పెరిగి ఆంధ్ర మహాసభయై, 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన మన సిరిసిల్లలోనే సమావేశమైనది. సభ జరుపుకొనుటకే సర్కారు అనుమతి కావలసిన రోజులవి. అట్టి కష్టకాలమున గ్రంథాలయములు నిలిపినవారి వారసులము మనము.

ఇక మన ప్రాంతపు అవసరములను చూతము. సిరిసిల్లలో సాంచాల మీద పనిచేయువారు నూలు దుమ్ములో దినమెల్ల గడుపుదురు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతములలో ఎందరో స్త్రీలు బీడీలు చుట్టుచు పొగాకు ధూళిని పీల్చుచున్నారు. వీరికి దగ్గు వచ్చినచో, "పని దగ్గులే" యని ఊరకుందురు. ఇచ్చటనే ప్రమాదమున్నది. రెండు వారములు దాటిన దగ్గు క్షయ కావచ్చును. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫ పరీక్షయు, మందులును ఉచితము. కొంచెము నెమ్మదించినదని మందు నడుమ మానినచో వ్యాధి తిరుగబెట్టి, మందులకు లొంగని దగును. ఈ సంగతి గ్రంథాలయపు గోడమీద పెద్ద అక్షరములతో ఉండదగినది.

అయితే పుస్తకములన్నియు సమానములు కావు. పాముకాటుకు పైన బిగించి కట్టి, గాటుపెట్టి రక్తము కార్పవలెనని పాత పుస్తకములు చెప్పెడివి. ఆ రెండును హానికరములని, కరచిన అవయవమును కదల్పక వెంటనే 108 వాహనమున ఆసుపత్రికి చేర్చవలెనని నేటి వైద్యము బోధించుచున్నది. కావున ఆరోగ్య గ్రంథమును చేర్చునపుడు ముద్రణ సంవత్సరమును చూడుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునకు చూపుడు. సెల్ ఫోనులో వచ్చు చిట్కాల విషయమునను ఇదే నియమము.

ఇందులకు ధనమెక్కడిదందురా? 1960 నాటి గ్రంథాలయ శాసనము ననుసరించి ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలగుచున్నది. దానిని పంచాయతీ జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయవలెను. అది ఇతర ఖర్చులకు వాడుకొను సొమ్ము కాదు. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడినందున సంస్థలు మీకు చేరువైనవి. సకాలమున జమచేసినవారికే పుస్తకములు అడుగు హక్కు బలపడును.

గ్రంథాలయము లేని ఊరిలో పంచాయతీ కార్యాలయమందే ఒక బీరువా పెట్టుడు. వారమున కొకసారి, బీడీలు చుట్టు స్త్రీలు కూడియుండు వాకిట ఒక విద్యార్థి ఒక్క పుట బిగ్గరగా చదువునట్లు చూడుడు; ఆశా కార్యకర్త అచ్చటనే యుండి సందేహములు తీర్చును. చదువు రానివారికిని గ్రంథాలయము ఉపయోగపడు మార్గమిదియే.

గ్రంథాలయము వైద్యుని స్థానమును పొందజాలదు. కాని వైద్యుని యొద్దకు ఎప్పుడు పోవలెనో చెప్పగలదు. ఆలస్యమే ప్రాణాంతకమగు చోట ఆ ఒక్క మాట చాలును. మీ తదుపరి సమావేశమున ఈ విషయమును చర్చింపుడని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.