తల తిరుగుడుకు ఆపరేషన్ ఎప్పుడు?

కూర్చున్న చోటే గది అంతా గిర్రున తిరుగుతున్నట్టు అనిపించడాన్ని వర్టిగో అంటారు. నీరసం వల్ల కళ్ళు బైర్లు కమ్మడం వేరు, ఇది వేరు. చాలామందిలో దీనికి మూలం లోపలి చెవిలో ఉంటుంది. మందులకు లొంగని వర్టిగోకు శస్త్రచికిత్స ఎంతవరకు పనికివస్తుందో ఇప్పుడు తెలుసుకుందాం.

లోపలి చెవి రెండు పనులు చేస్తుంది. నత్తగుల్ల ఆకారంలోని కాక్లియా వల్ల మనకు వినిపిస్తుంది. మూడు అర్ధవృత్తాకార కుల్యలు, వాటిని ఆనుకుని ఉన్న రెండు చిన్న సంచులు మనం తూలిపోకుండా చూస్తాయి. ఇవన్నీ ఒకదానితో ఒకటి కలిసే ఉంటాయి. అందుకే తూలుడు ఆపబోతే వినికిడి పోయే ప్రమాదం ఉంది.

ఈ రకం వర్టిగో చెవి నుంచి పుడుతుందని 1861లో ఫ్రెంచి వైద్యుడు ప్రాస్పర్ మీనియర్ చెప్పాడు. ఆయన పేరుతో పిలిచే వ్యాధిలో లోపలి చెవి ద్రవం ఎక్కువవుతుంది. వర్టిగోతో పాటు చెవిలో హోరు ఉంటుంది, వినికిడి తగ్గుతుంది. మొదట ఆహారంలో ఉప్పు తగ్గించమంటారు. ఆవకాయ, అప్పడాలు కూడా ఇందులోకే వస్తాయి. మందులు ఇస్తారు. ఫలితం లేకపోతే కర్ణభేరి గుండా స్టెరాయిడ్ గాని, జెంటామైసిన్ గాని ఎక్కిస్తారు.

అప్పటికీ తగ్గకపోతేనే ఆపరేషన్. ఎండోలింఫ్ సంచి మీద చేసేది వినికిడిని చాలావరకు కాపాడుతుంది. కాని దాని ఫలితంపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. సమతౌల్య నాడిని కోసేస్తే వినికిడి నిలిచే అవకాశం ఉంటుంది, వర్టిగో చాలామందిలో ఆగుతుంది. అయితే పుర్రె తెరవాలి. ముఖనాడి దెబ్బతినడం, మెదడు చుట్టూ ఉండే ద్రవం కారడం వంటి ప్రమాదాలున్నాయి. లాబిరింథెక్టమీలో సమతౌల్య భాగాన్ని పూర్తిగా తీసేస్తారు. ఆ చెవి ఇక వినపడదు. కాబట్టి అప్పటికే వినికిడి పోయిన చెవికే ఇది తగినది.

పక్క మీద దొర్లినప్పుడు కొన్ని క్షణాలు మాత్రమే తల తిరుగుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. తలను క్రమంగా తిప్పే ఎప్లీ పద్ధతితోనే అది సాధారణంగా తగ్గుతుంది. కుల్యను మూసే ఆపరేషన్ బహు అరుదు.

నాడి కోసినా, లాబిరింథెక్టమీ చేసినా కొన్ని వారాలు తూలుడు తప్పదు. రెండో చెవి ఇచ్చే సమాచారంతో మెదడు మెల్లగా సర్దుకుంటుంది. వ్యాయామాలు ఇందుకు తోడ్పడతాయి. అందుచేత ఒప్పుకునే ముందు మీ వైద్యుణ్ణి ఇలా అడగండి: ఈ చెవిలో వినికిడి ఎంత మిగిలింది? రెండో చెవి బాగుందా? ఇతర చికిత్సలన్నీ అయిపోయాయా? సమాధానాలు తెలిశాకే సంతకం చేయండి.