ఇంట్లో ఏముంది?



మంజీరా నదిపై నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ నీటితో బోధన్ చుట్టూ చెరకు విస్తరించింది. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారం చుట్టూ శక్కర్‌నగర్ వెలసింది. ఎన్నో కుటుంబాలకు నెల జీతం, క్వార్టరు, ధైర్యం ఆ పొగగొట్టమే. 2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు యాజమాన్యం చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో మూతపడింది. ఆ తరువాత ఎందరో ఇళ్లలో బీడీల చాటే ఆధారమైంది. ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి వెయ్యి పూర్తి చేస్తే గాని కూలి లేదు. ఆ కూలి చాలని వారం కిరాణా దుకాణంలో ఉద్దెర, అదీ మించితే వడ్డీ అప్పు. వడ్డీ హరామని మనందరికీ తెలుసు. అయినా మన గల్లీల్లో వారం వారం కిస్తు వసూలుకు వచ్చే మనిషిని పిల్లలు సైతం గుర్తుపడతారు. నేటి మాట ఆ కిస్తు గురించే.

అబూదావూద్ హదీసు గ్రంథంలో ఒక వృత్తాంతం ఉంది. ఒక అన్సారీ సహాబీ యాచిస్తూ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. నీ ఇంట్లో ఏముందని ప్రవక్త (స) అడిగారు. సగం కప్పుకొని సగం పరచుకునే ఒక ముతక గుడ్డ, నీళ్లు తాగే ఒక గిన్నె, అంతే. వాటిని తెప్పించి, అక్కడే వేలం వేశారు. ఒకరు ఒక దిర్హం అన్నారు, మరొకరు రెండిచ్చి తీసుకున్నారు. ఒక దిర్హంతో ఇంటికి తిండి, రెండవదానితో గొడ్డలి. ఆ గొడ్డలికి ప్రవక్త (స) స్వయంగా తమ చేతులతో కామ బిగించి ఇచ్చి, కట్టెలు కొట్టి అమ్ముకోమని, పదిహేను రోజుల వరకు కనబడవద్దని చెప్పి పంపారు. ఆయన పది దిర్హములు సంపాదించి తిరిగి వచ్చారు.

గమనించండి, ఇంట్లో ఏమి లేదని ప్రవక్త (స) అడగలేదు. ఏముందని అడిగారు. మన ఇంట్లో ఏముందో మనమూ చూద్దాం.

వుజూ నీళ్లున్నాయి. ప్రవక్త (స) ఒక ముద్ నీటితో, అంటే సుమారు ముప్పావు లీటరుతో వుజూ చేసేవారు. మీరు వుజూ చేసేటప్పుడు కుళాయి కింద ఒక బకెట్ పెట్టి, చివర దానిలోకి తొంగి చూడండి. సిగ్గుపడవలసినంత నీరు కనిపిస్తుంది. ఆ నీటితో ఒక పాత గోనెసంచిలో పుంటికూర, మరొకదానిలో తోటకూర పెరుగుతాయి. తోటకూర నెల రోజుల్లో కోతకొస్తుంది. బచ్చలికి విత్తనం కూడా అక్కరలేదు, తీగ ముక్క గుచ్చితే చాలు. తొలకరి వానలకు మణికట్టు మందం మునగ కొమ్మను పొరుగింటి నుంచి అడిగి తెచ్చి నాటండి, పైసా ఖర్చు లేదు. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నది అతనికి సదఖాగా నమోదవుతుందని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. కనుక గోడ అవతలివారు రెండు కాయలు కోసుకుంటే జగడమాడకండి.

అన్నం మెతుకులు, కూరగాయల తొక్కులు ఉన్నాయి. వాటితో రెండు నాటుకోళ్లు బతుకుతాయి. రాత్రి గంప కింద కమ్మడం మరువరాదు, పిల్లి ఎవరి ఇంటినీ వదలదు. కోళ్లు వద్దనుకుంటే అడుగున చిల్లులున్న కుండలో ఆ తొక్కులపై మట్టి చల్లుతూ పోండి. కొన్ని నెలలకు ఎరువు.

ఇక కొనుగోలు. నిజామాబాద్ యార్డు పసుపుకు పేరుపొందినది. అక్కడికి సరుకు వచ్చే కాలంలో నాలుగు ఇళ్లు కలిసి ఏడాదికి చాలినన్ని కొమ్ములు కొని, గిర్నీలో పట్టించుకోవచ్చు. మనమేమో వారానికొక చిన్న పొట్లం ఉద్దెరకు తెస్తున్నాం. యూసుఫ్ (అలైహిస్సలాం) కరువు ఏడేళ్లను ఎదుర్కొన్నది సమృద్ధి ఏళ్లలో వెన్నులతో సహా ధాన్యం దాపించడం వల్లనే కదా!

పురుషులకు ఒక ప్రత్యేక మాట. ఈ పనులన్నీ బీడీల చాట ముందు వంగి ఉన్న స్త్రీ నెత్తిన అదనంగా వేస్తే అది దౌర్జన్యం. ప్రవక్త (స) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే, చెప్పులు కుట్టుకునేవారు, బట్టలకు అతుకు వేసుకునేవారు, మేక పాలు పితికేవారు అని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. హోటలులో నాలుగు చాయ్‌ల సమయంలో సంచుల్లో మట్టి నింపవచ్చు, చెప్పు తెగితే కుట్టవచ్చు. ఆ చాయ్‌ల డబ్బు రాసి పెట్టండి, నెలాఖరున లెక్క చూడండి.

ఒక సందేహం రావచ్చు: పేదలు ఆకుకూర పెంచుకొని ఊరుకోవాలా? లేదు. కార్మికుని బకాయి, బీడీ కార్మికురాలి పీఎఫ్, పింఛను హక్కులు. మునగచెట్టు వాటికి బదులు కాదు, వాటిని అడుగుతూనే ఉండాలి. కాని అప్పు ఇచ్చినవాని ముందు తల వంచినవాడు గట్టిగా అడగలేడు. ఒక కిస్తు తగ్గితే అంత మేరకు గొంతు లేస్తుంది.

కలిగినవారికి కూడా వాటా ఉంది. రెండు దిర్హములిచ్చి ఆ గుడ్డ, గిన్నె కొన్నవారు లేకపోతే గొడ్డలి లేదు. మీ గల్లీలో కుట్టుమిషను ఉన్న వితంతువు ఉంటే ఈద్ బట్టలు ఆమెకే ఇవ్వండి, కూలి బేరమాడకండి. మిషను లేకపోతే కొందరు కలిసి వడ్డీ లేని ఖర్జె హసనా సమకూర్చండి. ఎంత ఇచ్చారో, ఎప్పటికి తిరిగి రావాలో, సాక్షులెవరో కాగితంపై రాయండి. అప్పును రాసుకోమని ఖుర్ఆన్ ఆదేశించింది, స్నేహం పేరుతో దాన్ని వదిలివేయరాదు. తీర్చలేనివారికి గడువు పెంచండి, బజారులో అడగకండి.